తలవైపు రమ్మన్న సిస్టరమ్మ

మంగళవారం పొద్దున బెంజి సర్కిల్ దాటుతుండగా జేబులో ఫోన్ మోగింది. ఎత్తలేదు. మళ్ళీ మోగింది. అప్పుడూ ఎత్తలేదు. ఆటో వెనక సీట్లో కూర్చున్న కాలేజీ పిల్ల "అంకుల్, అర్జెంటేమో చూస్కోండి" అంది. ఆ పిల్లని పటమటలో దించి, బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, అప్పుడు చూశాను. ఉయ్యూరు నుంచి సిస్టరమ్మ చెల్లెలు. "అక్క ఇక లేదు బాబూ. నిద్రలోనే వెళ్ళిపోయింది" అన్నారావిడ. బండి నడిపేటప్పుడు ఫోన్ ముట్టుకోవద్దని నాకు నేర్పింది సిస్టరమ్మే. ఆవిడ పోయిన కబురు కూడా ఆవిడ నేర్పిన పద్ధతి ప్రకారమే ఆలస్యంగా తెలిసింది. బండి అక్కడే పెట్టి కాసేపు ఫుట్‌పాత్ మీద కూర్చున్నాను.

సిస్టరమ్మ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి క్యాజువాలిటీలో నర్సుగా చేశారు. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉందిగానీ, దాంతో పిలిచినవాళ్ళని నేను చూడలేదు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే అంబులెన్సు వచ్చేలోగా ఏం చెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యకూడదో మా ఆటోవాళ్ళు, బస్సు డ్రైవర్లు, చెరకు ట్రాక్టర్లవాళ్ళు ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. తర్వాత్తర్వాత అంబులెన్సు ఉద్యోగాల్లో చేరే కుర్రాళ్ళని కూడా ఆవిడ దగ్గరికి పంపేవారు. పోయినవాళ్ళ గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం ఆనవాయితీ. చెబుతాను. దానికి ముందు ఒక చెడ్డ మాట చెప్పాలి. ఆవిడ క్లాసులు మొదలుకావడానికి కారణం నేను. నేను చేసిన తప్పు.

అప్పుడు చెరకు సీజను. సాయంత్రం ఖాళీ బండితో బెజవాడ వస్తున్నాను. కంకిపాడు దగ్గర రోడ్డు పక్కన చెరకు ట్రాక్టరు ఆగి ఉంది. ట్రక్కు వెనక లైటు లేదు, వెలుతురు పడితే మెరిసే ఎర్ర స్టిక్కరు లేదు. మోటారు సైకిలు మీద వచ్చినాయన దాన్ని గుద్దుకుని పడిపోయాడు. జనం మూగారు. కేసవుతుందని ఒక్కరూ ముట్టుకోలేదు. నాకు ఒళ్ళు మండింది. "తప్పుకోండెహె, మనుషులేనా మీరు?" అని లోపలికి దూరాను. ఆయన నోట్లో నీళ్ళు పోశాను. చంకల కింద నేను, మోకాళ్ళ కింద ఇంకొకాయన చేతులు వేసి, వడ్ల బస్తా ఎత్తినట్టు ఎత్తి, వెనక సీట్లో మడిచి కూర్చోబెట్టాం. నేల మీద పడి ఉన్నప్పుడు ఆయన కాలు కదలడం చూశాను. చూశాననే అనుకుంటున్నాను. ఈడుపుగల్లు దాటేసరికి "కాళ్ళు తెలీట్లేదండీ" అన్నాడు. "ఏం పర్లేదండీ, వచ్చేశాం" అని ఇంకా గట్టిగా తోలాను.

క్యాజువాలిటీలో తెల్ల చీర కట్టుకున్న ఒక పెద్దావిడ "ఎవరయ్యా ఎత్తింది?" అని అడిగారు. "నేనేనండీ" అన్నాను ఛాతీ విరుచుకుని. "ఎలా ఎత్తావో చూపించు" అన్నారు. గాల్లో ఎత్తి చూపించాను. ఆవిడ నా చేతుల వంక చాలాసేపు చూశారు. తిట్టలేదు. "టీ తాగావా అబ్బాయ్?" అని మాత్రం అడిగారు. స్టాండుకి వస్తే మావాళ్ళంతా పుణ్యం కట్టుకున్నావురా అని వీపు తట్టారు.

నాలుగు రోజులు పోయాక బత్తాయిలు పట్టుకుని ఆయన్ని చూడటానికి వెళ్ళాను. ఇక నడవలేడని డాక్టర్లు చెప్పేశారట. ఆ మంచంలోంచే నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారు. నా విషయంలో అది పాపమని చెప్పినవాళ్ళు కూడా లేరు. వరండాలో సిస్టరమ్మ ఒక్కరే చెప్పారు. "వెన్ను విరిగినవాణ్ణి మడవకూడదు అబ్బాయ్. నీకు తెలీదు. తెలీకపోవడం నీ తప్పు కాదు. ఇవాళ తెలిసిందిగా, ఇక నేర్చుకోకపోతే అప్పుడు తప్పు."

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక ఆవిడ గొడుగు వేసుకుని నేరుగా మా ఆటో స్టాండుకి వచ్చారు. టీ కొట్టు బల్ల ఖాళీ చేయించారు. కింద టార్పాలిన్ పరిపించారు. కళ్ళజోడు తీసి చేతిసంచిలో పెట్టి, చెప్పులు విడిచి, దాని మీద వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నారు. మేం బిత్తరపోయి చూస్తున్నాం.

"నేను మోటారు సైకిలు మీంచి పడ్డాను. ఎత్తండి" అన్నారు.

"మిమ్మల్ని ముట్టుకోవాలా అండీ?" అన్నాడొకడు.

"రోడ్డు మీద పడ్డవాళ్ళకి ఆడా మగా లేదు, కులం గిలం లేదు. పట్టుకో."

"ఆలస్యం అమృతం విషం అంటారు కదండీ, గబుక్కున బండిలో వేసేస్తే..."

"నిదానమే ప్రధానం అని కూడా అంటారు నాయనా. నీకు ఒకటే వచ్చా?"

ఆ రోజు తెలిసింది మాకు, ఒక మనిషిని నేల మీంచి బల్ల మీదికి మార్చడంలో ఎంత చదువుందో. ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆడుతోందా, రక్తం కారుతోందా చూడాలి. నీళ్ళు పొయ్యకూడదు. మంటో, మీద పడే బండో ఉంటే తప్ప కదపకూడదు. కదపక తప్పకపోతే ఒకరు తలవైపు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతుల్తో తలని కదలకుండా పట్టుకోవాలి. మిగతావాళ్ళు భుజం దగ్గర, నడుం దగ్గర, మోకాళ్ళ దగ్గర. లెక్క చెప్పేది తలవైపు మనిషే. ఆ మనిషి "మూడు" అనకుండా ఎవరూ వేలు కూడా కదపకూడదు, మంత్రి వచ్చి చెప్పినా సరే. డాక్టరు వచ్చి "ఇక వదులు" అనేదాకా ఆ చేతులు తియ్యకూడదు.

మేం ఎత్తేవాళ్ళం. దించేవాళ్ళం. కళ్ళు తెరవకుండానే ఆవిడ తీర్పు చెప్పేవారు. "మెడ కదిలింది. నన్ను చంపేశారు. మళ్ళీ." ఒక్కోసారి పదిసార్లు చంపేవాళ్ళం. ఎప్పుడైనా "కదల్లేదు" అంటే స్టాండంతా ఈలలు వేసేది. కొన్నాళ్ళకి ఎవరో ప్లాస్టిక్ బొమ్మ ఇచ్చారు. ఛాతీ నొక్కడం నేర్పడానికి దాన్నే వాడేవారు. మెడ దగ్గరికొచ్చేసరికి మాత్రం తనే పడుకునేవారు. "దానికి నొప్పి తెలీదు, మిమ్మల్ని తిట్టడమూ రాదు" అనేవారు.

రిటైరయ్యాక ఉయ్యూరులో చెల్లెలి ఇంట్లో ఉండేవారు. క్లాసు ఉన్న రోజు నేనే బండి తీసుకెళ్ళి తీసుకొచ్చేవాణ్ణి. దారిపొడవునా నా డ్రైవింగుకి వంకలు పెట్టడం ఆవిడ కాలక్షేపం. చెరకు సీజనొస్తే మాత్రం బెజవాడ రారు. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర బారులు తీరిన ట్రాక్టర్ల వెంట పాత గుడ్డ పట్టుకుని తిరిగేవారు. ట్రక్కు వెనక మట్టి తుడిచి ఎర్ర స్టిక్కర్లు అతికించేవారు. "బొట్టు పెట్టుకోని సిస్టరమ్మ మా బండ్లకి బొట్లు పెడతందిరోయ్" అని ట్రాక్టర్లవాళ్ళు ఏడిపించేవారు. "పెట్టించుకోండి, మీ ఆవిడల బొట్లు చల్లగా ఉంటాయి" అనేవారు ఆవిడ, చెయ్యి ఆపకుండా.

ప్రతి క్లాసులోనూ ఒక ఆటోవాడి కథ చెప్పేవారు. జనమంతా చోద్యం చూస్తుంటే ఒక్కడు ముందుకొచ్చాడనీ, వాడికి జాలి ఉంది గానీ పద్ధతి తెలీదనీ, నేర్పాల్సినవాళ్ళు నేర్పలేదనీ. పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆ కథ నడుస్తున్నంతసేపూ నేను అక్కడే, మోకాళ్ళవైపు కూర్చుని నేల చూపులు చూస్తుండేవాణ్ణి. నా చోటెప్పుడూ మోకాళ్ళవైపే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తలవైపు కూర్చోలేదు. "ఇవాళ నువ్వు రా ఇటు" అని ఆవిడ పిలుస్తూనే ఉండేవారు. "నా చేతులు వణుకుతాయమ్మా, వద్దు" అనేవాణ్ణి. "వణికితే వణకనీరా. వదలకుండా ఉంటే చాలు." అయినా వెళ్ళేవాణ్ణి కాదు. ఆ చేతుల్తో ఒకసారి ఏం చేశానో నాకూ ఆవిడకీ తెలుసు.

ఆఖరి క్లాసు రెండు నెలల కింద, ఉయ్యూరులోనే. అంబులెన్సులో కొత్తగా చేరినవాళ్ళకి. అప్పటికే ఆవిడ గుండె బాగాలేదు. వద్దన్నా వినకుండా పడుకున్నారు. క్లాసైపోయాక లేవబోయి లేవలేకపోయారు. "ఏవిఁటో అబ్బాయ్, నేల వదలబుద్ధి కావట్లేదు" అని నవ్వారు. అందరూ వెళ్ళాక ఆవిడ పక్కనే కింద కూర్చుని, ఇన్నేళ్ళూ నోట్లో నానిన మాట అడిగేశాను.

"అమ్మా, ఆ రోజు నేను ఎత్తకుండా ఉంటే ఆయన నడిచేవాడా?"

లేదురా, నీ వల్ల కాదు అంటారనుకున్నాను. అనాలని కోరుకున్నాను. ఆవిడ చీర కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"తెలీదు నాయనా. పడ్డప్పుడే కాళ్ళు పోయుండొచ్చు. నువ్వు ఎత్తినప్పుడు పోయుండొచ్చు. తెలుసని చెప్తే అబద్ధం." కొంగు భుజం మీదికి లాక్కున్నారు. "అప్పటిదాకా అన్నేళ్ళు నేను లోపల కూచుని, విరిగొచ్చినవాళ్ళకి కట్లు కట్టాను. బయటికెళ్ళి ఎలా ఎత్తాలో ఒక్కడికీ చెప్పలేదు. మరి తప్పు నాదేమో? నువ్వొక్కడివే మోస్తున్నావనుకోకు. ఇటువైపు నేనూ పట్టుకున్నా."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆ రోజు పడినాయన ఇప్పుడు కంకిపాడులో చక్రాల కుర్చీలో కూర్చుని విత్తనాల కొట్టు నడుపుతున్నాడు. "వెళ్ళి పలకరించు" అన్నారు సిస్టరమ్మ. వెళ్తానన్నాను. ఇంకా వెళ్ళలేదు.

బుధవారం మధ్యాహ్నం ఉయ్యూరులో ఇంటి ముందు షామియానా వేశారు. ఫ్రీజర్ బాక్సులో సిస్టరమ్మ తెల్ల చీరలోనే ఉన్నారు. కళ్ళు మూసుకుని వెల్లకిలా, ఎప్పుడూ క్లాసులో పడుకున్నట్టే. పాస్టరుగారు ప్రార్థన చేశారు. పెట్టె తెచ్చి పక్కన పెట్టారు. "నలుగురు రండి బాబూ" అన్నారెవరో. బంధువులు వంగారు. ఒకాయన ఆవిడ చంకల కింద చేతులు పెట్టాడు. ఇంకొకాయన మోకాళ్ళ కింద.

"ఆగండి!"

అది నా గొంతే. తగాదాకి వచ్చినవాడిలా అరిచాను. అందరూ నావైపు తిరిగారు. "అలా ఎత్తకూడదండీ" అన్నాను మెల్లిగా.

"పోయిన మనిషికి ఇంకేవౌద్దయ్యా?" అన్నాడు చంకల కింద చేతులు పెట్టిన పెద్దాయన. అన్న మాటలో తప్పేం లేదు. అప్పుడు సిస్టరమ్మ చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ "అక్క దగ్గర నేర్చుకున్నవాళ్ళని ఎత్తనివ్వండి అన్నయ్యా. అలా ఎత్తితే అక్కకి కోపం" అన్నారు.

మా స్టాండువాళ్ళు, ఒక ట్రాక్టరు డ్రైవరు, ఖాకీ బట్టల్లోనే వచ్చిన ఇద్దరు బస్సు డ్రైవర్లు, అంబులెన్సు కుర్రాడు ముందుకొచ్చారు. ఎవరూ చెప్పకుండానే భుజాల దగ్గర, నడుం దగ్గర, మోకాళ్ళ దగ్గర అటూ ఇటూ నిలబడి, ఆవిడ కిందికి చేతులు పోనిచ్చారు. నేను అలవాటుగా మోకాళ్ళవైపు వెళ్ళాను. అక్కడ చోటు లేదు. తలవైపు ఒక్కటే ఖాళీగా ఉంది. అందరూ చేతులు పెట్టి, వంగి, నావైపే చూస్తున్నారు. లెక్క చెప్పే మనిషి లేకుండా ఎత్తే మనుషులు కారు వాళ్ళు.

వెళ్ళాను. రెండు చేతులూ ఆవిడ తలకి అటూ ఇటూ పెట్టాను. చల్లగా ఉంది. నా చేతులు వణికాయి. ఒక్కరూ తొందరపెట్టలేదు. చివరికి "ఒకటి" అన్నాను. "రెండు." మూడు అనడానికి చాలాసేపు పట్టింది.

ఎత్తాం. పెట్టెలోకి దించాం.

ఎప్పుడూ దించగానే కింద నుంచి ఒక మాట వచ్చేది, కదిలిందనో, కదల్లేదనో. ఆ మాట కోసం అందరం వంగి అలాగే ఉండిపోయాం. తర్వాత ఒక్కొక్కరే చేతులు తీసుకుని లేచారు. నేను తియ్యలేదు. వణుకుతూనే ఆ తల పట్టుకుని ఉన్నాను. పాస్టరుగారు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి "ఇక వదులు బాబూ" అన్నారు.

అప్పుడు వదిలాను.