మెషీన్‌తో పోటీపడిన మేడమ్‌గారు

మా పాప చదివే బడి హెడ్‌మేడమ్‌గారు మొన్నీమధ్య పోయారు. పొద్దున్నే బడి వంటామె ఫోన్ చేసింది. "మేడమ్‌గారు ఎలిపోయారమ్మా. నిద్దట్లోనేనంట. నిన్న సాయంత్రం కూడా నాతో బాగానే మాటాడారు" అని బావురుమంది. కత్తిరిస్తున్న జాకెట్టు గుడ్డ నా చేతిలోనే ఉండిపోయింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, నాకు మొదట వచ్చిన ఆలోచన ఆవిడ గురించి కాదు. ఇక నా పిల్లని బడిలో ఎవరు చూసుకుంటారు అని.

ఏడుపు తర్వాత వచ్చింది. ఇప్పుడు మాత్రం ఆవిడని తలుచుకుంటే ఏడుపు కంటే హుషారే ఎక్కువ వస్తోంది. అలాంటి మనిషి. కొత్త వస్తువేదైనా కనిపిస్తే చాలు, ఒకటో తరగతి పిల్లలతో సమానంగా ముందుకు తోసుకొచ్చేవారు.

మా పాపకి మూడేళ్ళప్పుడు టైప్ వన్ షుగర్ అని తేలింది. ఒంట్లో ఇన్సులిన్ తయారవదు. "తీపి ఎక్కువ పెట్టేశారా?" అని అడిగినవాళ్ళందరికీ కాదని చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. రోజుకి నాలుగైదు సూదులు. షుగర్ పెరిగితే ఒక భయం, పడిపోతే అంతకంటే పెద్ద భయం. మరీ పడిపోతే పిల్ల నిలబడ్డచోటే కళ్ళు తేలేస్తుంది. నర్సీపట్నంలో మేము మొదట అడిగిన బడివాళ్ళు "మాకు రిస్కండీ" అనేశారు. ఈ మేడమ్‌గారు మాత్రం పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "నాకేటీ తెలీదమ్మా. నేర్పితే నేర్సుకుంటాను" అన్నారు. పాఠాలు చెప్పే మనిషి నోట ఆ మాట విని నేను తెల్లబోయాను.

అయినా నాకు ధైర్యం చాల్లేదు. ఏడాదిపాటు బడి వరండాలోనే కూర్చుని జాకెట్లకి హుక్కులు కుట్టాను. పాప అన్నానికి కూర్చుంటే సూది, పరుగులు పెట్టి నీరసపడితే బెల్లం. బస్టాండు దగ్గరున్న నా కుట్టుషాపు మూతపడే ఉండేది.

తర్వాత విశాఖలో పాపని చూసే డాక్టరుగారి చొరవతో పంపు వచ్చింది. జబ్బకి రూపాయి బిళ్ళంత సెన్సర్, నడుముకి గుడ్డ సంచిలో చిన్న మెషీన్, దాన్నుంచి పొట్ట దగ్గరికి సన్నటి గొట్టం. షుగర్ ఎంతుందో సెన్సర్ ఐదేసి నిమిషాలకి చెబుతుంది. దాన్నిబట్టి మెషీన్ తనంతట తనే ఇన్సులిన్ పెంచుతుంది, తగ్గిస్తుంది, పడిపోయేలా ఉంటే ముందుగానే ఆపేసి కూత పెడుతుంది. అన్నం తినేముందు మాత్రం ఎంత తింటుందో మనం దానికి చెప్పాలి. నేనిదంతా వివరిస్తుంటే మేడమ్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏటీ! దానంతటదే లెక్క కడతాదా? ఐదు నిమిషాలకోసారా? మా నాలుగో తరగతోళ్ళు రోజుకో లెక్క కడితే నాకు పండగే!" అన్నారు. ఆగలేదు. పక్క గదిలో టీచర్ని కేకేశారు, గరిటెతో ఉన్న వంటామెని కేకేశారు. "రండి, రండి, బేగి రండి! సూడండి దీన్ని!" ఆవిడ సంబరం చూశాకే నాకూ ఇది ఇంత గొప్ప సంగతా అనిపించింది. అప్పటిదాకా నేను భయపడటంలోనే ఉన్నాను.

పిల్లలు ఊరుకుంటారా? అందరికీ మెషీన్ కావాలి. ఒకడైతే ఇంటికెళ్ళి నాకూ షుగర్ రావాలని దొర్లి దొర్లి ఏడ్చాడట. వాళ్ళమ్మ బడికొచ్చి మేడమ్‌గారిని నిలదీసింది. మేడమ్‌గారు పకపకా నవ్వి నాకు కబురు పెట్టారు. "నీ దగ్గర జాకెట్టు ముక్కలు మిగుల్తాయి కదమ్మా. పాప సంచి లాటిది అందరికీ తలోటీ కుట్టీ." కుట్టాను. చింతపిక్కలు, గోళీలు, అరిగిపోయిన రబ్బర్లు వేసుకుని తరగతి తరగతంతా నడుములకి సంచులు కట్టుకు తిరిగింది. ఆవిడా ఒకటి కుట్టించుకుని సుద్దముక్కలు వేసుకున్నారు. వారం తిరిగేసరికి మా పాప నడుముకేసి చూసేవాళ్ళే లేరు.

"ఇంక నువ్వెలిపోమ్మా, నీ షాపు తెరుసుకో" అన్నారు మేడమ్‌గారు. తెరిచాను. పాప షుగర్ నంబరు నా ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఆ వారమంతా అది ఒకటే గంతులు. డెబ్భై, మూడువందలు, మళ్ళీ డెబ్భై. మెషీన్ బాగానే ఉందన్నారు డాక్టరుగారు. బడికి వెళ్ళి చూస్తే అప్పుడు తెలిసింది. మాది చెరుకు పండే ప్రాంతం, బెల్లం దగ్గర ఎవరి చెయ్యీ చిన్నదవదు. మెషీన్ కూత పెట్టగానే మేడమ్‌గారు వరండాలో నేను పెట్టడం చూసిన అలవాటు కొద్దీ నిమ్మకాయంత బెల్లంముద్ద పెట్టేస్తున్నారు. మెషీన్ అప్పటికే ఇన్సులిన్ ఆపేసి ఉంటుంది, దానికి తోడు ఈ బెల్లం. షుగర్ పైకి లేస్తుంది. అది చూసి మెషీన్ ఇన్సులిన్ పంపుతుంది. మళ్ళీ పడుతుంది, మళ్ళీ కూత, మళ్ళీ బెల్లం. ఆవిడా మెషీనూ పోటీలుపడి నా పిల్లని ఉయ్యాల ఊపుతున్నారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మేడమ్‌గారూ, మీ ప్రేమ దాని ప్రాణం మీదకి తెచ్చేలా ఉందండీ" అనేశాను, పిల్లలందరి ముందూ. ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు.

మర్నాడు ఆవిడే పిలిపించారు. పళ్ళెంలో బెల్లం రేగిపండంత ముక్కలుగా కొట్టి ఉంది. డాక్టరుగారికి తనే ఫోన్ చేసి కొలత అడిగారట. "తప్పు నాదేనమ్మా. మిషన్ని నమ్మనేకపోయాను" అన్నారు. ముక్క పెట్టాక పావుగంట ఆగి చూడాలి. ఆ పావుగంట ఆవిడకి గండమే. చెయ్యి మళ్ళీ బెల్లం మీదకి పోకుండా వంటామెని పక్కన కూర్చోబెట్టుకుని, కబుర్లు చెబుతూ, పాప మొహంకేసి చూస్తూ ఉండేవారు. "పెట్టీడం సులువేనమ్మా. పెట్టకుండా కూకోడమే కష్టం" అనేవారు. నంబరు పైకి తిరగగానే చప్పట్లు కొట్టేవారు. ఆవిడ కొడితే పిల్లలంతా కొట్టేవాళ్ళు, ఎందుకో తెలిసినా తెలియకపోయినా.

ఆవిడ పోయాక మళ్ళీ వరండాలో కూర్చోవాల్సిందే అనుకున్నాను. నాలుగు రోజులు కూర్చున్నాను కూడా. ఐదోరోజు రావికమతంలో పెళ్ళివారికి జాకెట్లు ఇవ్వక తప్పలేదు. స్కూటర్ మీద వెళ్ళి, ఇచ్చి, తిరిగొస్తుంటే ఫోన్ మోగింది. పాప నంబరు డెబ్భై రెండు, ఇంకా పడుతోందని పక్కన బాణం కిందికి. బండి పక్కకి ఆపి బడికి ఫోన్ చేశాను. ఎవరూ ఎత్తలేదు. అరవై ఎనిమిది. రెక్కలు కట్టుకుని ఎగిరినా అందుకోలేనంత దూరంలో ఉన్నాను. అరవై ఆరు. దేవుడికి మొక్కానో, మేడమ్‌గారికే మొక్కానో గుర్తులేదు.

డెబ్భై ఒకటి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. డెబ్భై తొమ్మిది. తర్వాత ఎనభై ఎనిమిది, బాణం అడ్డంగా. ఉయ్యాల లేదు, గంతులు లేవు. ఎవరో సరిగ్గా పెట్టారు, సరిగ్గా ఆగారు.

వంటామె ఫోన్ చేసింది. "ఫోను సూసుకోనేదమ్మా. సిన్న ముక్కే పెట్టాను. ఇంకోటి పెట్టాలని పేణం కొట్టీసుకుంది గానీ పెట్టనేదు. మేడమ్‌గారు రోజూ పక్కన కూకోబెట్టుకుని నేర్పింది ఇదే గదమ్మా. ఇప్పుడు ఆడతంది సూడు, గుంట!"

ఆవిడ నేర్చుకుంది నా కూతురి ఒక్కదానికోసమే అయినా, తనొక్కరే నేర్చుకుని ఊరుకోలేదు. ఆ సంగతి నాకు రోడ్డు మీద తెలిసింది.

వంటామె ఫోన్ కట్ చేయడం మర్చిపోయి వంటగదిలోకి పోయినట్టుంది. నేనూ కట్ చేయలేదు. పక్కనుంచి చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. ఒక చెవి మూసుకుని, రెండో చెవికి ఫోన్ ఆనించుకుని నిలబడ్డాను. అవతల పిల్లల గోలలోంచి నా కూతురి గొంతు అందరికంటే గట్టిగా వినిపిస్తోంది. "ఇప్పుడు నా వంతు! జరగండి, నా వంతు!"