దామోదరం ట్రయల్ పెండ్లి

దామోదరం ఏ పనైనా రెండుసార్లు చేస్తాడు. మొదటిసారి ఉత్తుత్తికి, రెండోసారి నిజంగా. ఆ ఉత్తుత్తి పనికి ఆయన పెట్టుకున్న పేరు ట్రయల్. తిరుపతిలో ఆయన వీధికి పోయి ట్రయల్ దామోదరం ఇల్లు యాడ అంటే పాలు తాగే బిడ్డ కూడా చెయ్యెత్తి చూపిస్తాది. ఒట్టి దామోదరం అంటే మటుకు పోస్టుమేనుకి కూడా తెలీదు.

ఈ జబ్బు ఆయనకి కొండ మీద అంటుకున్నాది. ఇరవై ఎనిమిదేండ్లు తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు తోలినాడు. చేరిన కొత్తలో పై అధికారి బస్సులో జనానికి బదులు ఇసక మూటలు ఎక్కించి, ముందు వీటిని ఎక్కించి దించు అన్నాడంట. మూటలు క్షేమంగా పోయినాయి, క్షేమంగా వచ్చినాయి. ఒక్క మూట కూడా వాంతి చేసుకోలేదు. ఆ పొద్దు దామోదరానికి జ్ఞానోదయం అయిపోయింది. లోకంలో ఏ పనికైనా ముందర ఇసక మూటలతో ఒకసారి చేసి చూస్తే చాలు, తర్వాత మనుషులతో భయం లేదని తీర్మానం చేసుకున్నాడు.

పన్ను పీకించుకోవల్ల అంటే ముందురోజే పోయి డాక్టరు కుర్చీలో పది నిమిషాలు నోరు తెరుచుకోని కూర్చోని, పన్ను ముట్టనీకుండా ఇంటికొచ్చేసినాడు. ఓటు రోజుకి ముందురోజు మూసిన బడి ముందర ఒక్కడే క్యూ కట్టి నిలబడినాడు. వీటన్నిటికీ పెద్దది ఆయన పెండ్లి కత. ముహూర్తానికి రెండు దినాల ముందు మామగారింటికి పోయి, గడప ఎత్తు జానతో కొలుచుకోని వచ్చినాడంట. పెండ్లినాడు కాలు తగిలి బోర్లా పడితే మర్యాద ఏం కావల్ల అని ఆయన బాధ. పెండ్లాం సుబ్బులమ్మ ఈ కత చెప్పినప్పుడల్లా, అయినా పడినాడులే అని ముగిస్తాది.

ఇట్లాంటి మనిషి చేతికి చంద్రకాంతమ్మ కూతురి పెండ్లి వచ్చి పడింది.

చంద్రకాంతమ్మ దామోదరానికి చెల్లెలు. మొగుడు పోయి పదహారేండ్లు. జాకెట్లు కుట్టి కుట్టి కూతురు ఐశ్వర్యని చదివించింది. ఆ పిల్లకి ఉద్యోగమొచ్చింది, నగరిలో మరమగ్గాలుండే ఇంటి పిల్లోడు గిరిప్రసాద్‌తో సంబంధం కూడా కుదిరింది. అయ్యవారు పంచాంగం ముందుకీ వెనక్కీ తిప్పి, నెలగంట పెట్టి ధనుర్మాసం వచ్చేలోపల మిగిలిండేది ఒకటే ముహూర్తమని తేల్చినాడు. మార్గశిర మాసం, తెల్లవారి ఐదు ఇరవై. ఆ చలిలో పెండ్లికొడుకు తాళి కట్టేదెట్లా, వేళ్ళు వంగద్దా అని ముసలోళ్ళు నవ్వినారు. దామోదరం నవ్వలేదు. జేబులోంచి పుస్తకం తీసి, వేళ్ళు అని రాసుకున్నాడు.

పనులన్నీ పంచేదానికి పెద్దలు కూర్చున్నప్పుడు చంద్రకాంతమ్మ బావ ఎల్లప్ప గొంతు సవరించుకున్నాడు. ఎల్లప్ప అంటే మొగుడి అన్న. ఆయన గొంతు సవరించినాడంటే ఇంక ఆ ఇంట్లో రెండో మాట లేదు. కన్యాదానం దామోదరం, సుబ్బులమ్మ చేస్తారు అనేసినాడు. మొగుడు లేని మనిషి పీటల మీద కూర్చుంటే బాగుండదని ఎవరూ పైకి అనలేదు, అందరికీ అర్థమైంది. అందరూ తలూపినారు. చంద్రకాంతమ్మ కూడా ఊపింది.

అందరూ పోయినాక అన్నకి కాఫీ ఇస్తా గోడ పక్కకి చూస్తా చెప్పింది.

"నాకు వేరే ఆశలేం లేవునా. ఆ బిడ్డ చేతిలో ధార నేను పోసింటే బాగుండు అనిపిస్తా ఉండాది. సాకింది నేను గదా."

దామోదరం కాఫీ ఊదుకున్నాడు. "ముందు ట్రయల్ ఏసుకుందాం మ్మే" అన్నాడు.

చంద్రకాంతమ్మకి ఒళ్ళు మండిపోయింది. కడుపులో మాట బయట పెడితే ఈ మనిషికి ట్రయలే గానీ ఇంకోటి తోచదా అనుకున్నాది. లోపలికి పోయి మిషను పెడలు అదేపనిగా తొక్కింది. ఆ రోజు కుట్టిన జాకెట్టుకి రెండు చేతులూ ఒకే పక్కకి వచ్చినాయి.

మర్నాటి నుంచి దామోదరం పని మొదలుపెట్టినాడు. తెల్లారకముందే మంకీ క్యాపు తగిలించుకోని నగరి బస్సెక్కినాడు. పెండ్లివారి బండి మంచులో పుత్తూరు దాటేదానికి ఎంతసేపు పడతాదో చూడల్లంట. పోయిన మనిషి మధ్యాన్నానికి మొగం ఏలాడేసుకోని వచ్చినాడు. మళ్ళా మూడోనాడు పోయినాడు. మళ్ళా వారానికి పోయినాడు. ఒక్క దారికి మూడు ట్రయల్సా, నగరి ఏమన్నా చంద్రమండలంలో ఉండాదా అని చంద్రకాంతమ్మ అడిగితే, చలికాలం దారిని నమ్మకూడదు మ్మే అన్నాడు. మూడోసారి వచ్చినప్పుడు మటుకు హుషారుగా ఈల వేసుకుంటా వచ్చినాడు.

ఆ తర్వాత వంట మునెయ్య వంతు. మునెయ్య నాలుగొందల పెండ్లిండ్లకి వండిన మనిషి. ఆయన చేత తెల్లారుజామున సేరు బియ్యం పొంగలి పెట్టించి, ఆకులో వడ్డించి, దామోదరం ఎదురుగా గడియారం పట్టుకోని కూర్చున్నాడు. తినలేదు. చూస్తా ఉన్నాడు. తొమ్మిదో నిమిషంలో నెయ్యి గడ్డ కట్టింది. తొమ్మిది నిమిషాలు అని రాసుకున్నాడు. ఇన్నేండ్ల వంటలో నా పొంగలిని తినకుండా చూసినోడివి నువ్వొక్కడివే అని మునెయ్య అలిగి, గరిటె కింద పెట్టేసినాడు. ఆయన్ని బుజ్జగించేదానికి దామోదరం ఆ గడ్డ కట్టిన పొంగలి మొత్తం తినల్సి వచ్చింది. దానికి మటుకు ముందుగా ట్రయల్ చేసుకోలేదని రెండు దినాలు కడుపు పట్టుకోని బాధపడినాడు.

ఇంక పెండ్లికి ఎనిమిది దినాలు ఉందనంగా అసలు ట్రయల్ వచ్చింది. చంద్రకాంతమ్మ ఇంటి మిద్దె మీద సుద్దముక్కతో మండపం గీసినాడు. టైము అదే, ఐదు ఇరవై. పగలు పెట్టుకోవచ్చు గదా అంటే, చలి కూడా అదే చలి కావల్లన్నాడు. ఎల్లప్పకి కబురు పెడితే, ఆ పిచ్చోడి ఆటకి నేను దుప్పటి దిగి రాను అన్నాడు. ఐశ్వర్య, మామా నేను నిజం పెండ్లికి లేస్తాలే అని ముసుగు తన్నేసింది. అందుకని పెండ్లికొడుకు పీట మీద ఫొటోల జయరావుని కూర్చోబెట్టినారు. జయరావుకి యాభై రెండేండ్లు, పొట్ట ముందు వస్తాది, మనిషి వెనకాల వస్తాడు. పెండ్లికూతురు పీట మీద సుబ్బులమ్మ. ఇరవై ఐదేండ్ల కాపురం తర్వాత మళ్ళా పెండ్లికూతుర్ని చేసినావు, మొగుణ్ణి కూడా మార్చినావు, సంతోషం అనింది సుబ్బులమ్మ శాలువా కప్పుకుంటా.

అయ్యవారు మటుకు ఒక పేచీ పెట్టినాడు. ఉత్తుత్తి పెండ్లికి మంత్రం చెప్పకూడదు. మరి మంత్రానికి పట్టే టైము తెలిసేదెట్లా? చివరికి నిన్నటి పేపరు తెప్పించుకోని, మదనపల్లె మార్కెట్టులో టమోటా రేట్లని మంత్రం మాదిరి రాగం తీసి చదవడానికి ఒప్పుకున్నాడు.

కన్యాదానం దగ్గరికి వచ్చింది. దామోదరం గడియారం చూస్తా చెల్లెల్ని పిలిచినాడు.

"మ్మే కాంతా, నేను టైము పట్టుకోవల్ల. నా బదులు నువ్వొచ్చి కూర్చో. ధార పొయ్యి."

"నేనెందుకునా?"

"ఇసక మూట అనుకోమ్మే. కూర్చో."

చంద్రకాంతమ్మ తిట్టుకుంటానే కూర్చున్నాది. అయ్యవారు మొదటి రకం, రెండో రకం, నాటు రకం అని రాగం తీస్తా ఉన్నాడు. ఆమె చెంబెత్తి సుబ్బులమ్మ చేతి మీదుగా జయరావు చేతిలోకి నీళ్ళు పోసింది. టమోటా రేట్లు వింటా ఎవురికైనా కండ్లలో నీళ్ళొస్తాయా? చంద్రకాంతమ్మకి వచ్చినాయి. ఇది ఆటే అని తెలుసు, ఎదురుగా ఉండేది జయరావు పొట్టే అని తెలుసు. అయినా చెంబు దించబుద్ధి కాలేదు. ఇంక నిజంగా ఎప్పటికీ పొయ్యనని గుర్తొచ్చి ఆఖరి బొట్టు దాకా వంచింది. జయరావు మటుకు అబ్బా నీళ్ళు ఐసు మాదిరుండాయి అని పీట మీదనుంచి ఎగిరినాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉండల్ల అని దామోదరం రాసుకున్నాడు. ఏడు నిమిషాలు అని కూడా రాసుకున్నాడు. చెల్లెలి కండ్లు చూసినట్టే లేడు. ఆమెకి ఆ కోపం పెండ్లి దాకా తగ్గలేదు.

పెండ్లి రోజు వచ్చింది. నిజం మంచు, నిజం మేళం. పెండ్లివారి బండి పుత్తూరు దాటి దామోదరం చెప్పిన నిమిషానికి మండపం ముందర ఆగింది. పొంగలి తొమ్మిది నిమిషాల్లో ఆకులోకి పోయి కడుపులోకి పోయింది. గిరిప్రసాద్ వేళ్ళు వెచ్చగా ఉండేదానికి ఇసక కాచి మూట కట్టి చేతిలో పెట్టినారు. చంద్రకాంతమ్మ స్తంభం చాటున నిలబడి కూతుర్ని చూసుకుంటా ఉంది. ఐదూ పది అయింది. కన్యాదానానికి దంపతులు రావల్ల అని అయ్యవారు పిలిచినాడు.

దామోదరం లేచి రెండు చేతులూ జోడించినాడు.

"నా వల్ల కాదు సామీ. ఈ పని నేను ట్రయల్ చెయ్యలేదు."

మేళం ఆగిపోయింది. ఎల్లప్ప గొంతు సవరించినాడు. ఇదేం ట్రయలప్పా, ముహూర్తం దాటిపోతా ఉండాది, కూర్చో అని గద్దించినాడు.

"ఇరవై ఎనిమిదేండ్లు కొండ రోడ్డులో బండి తోలినాను బావా. ట్రయల్ లేకుండా ఒక్క మనిషిని ఎక్కించుకోలే. ఇప్పుడు ఈ బిడ్డ కాపురాన్ని ఎక్కించుకోమంటావా? ఈ మండపంలో ఈ పని ట్రయల్ చేసిన మనిషి ఒకతే ఉండాది. అదిగో, స్తంభం కాడ."

ఎల్లప్ప సుబ్బులమ్మ దిక్కు తిరిగినాడు. నేను పెండ్లికూతురి ట్రయల్ చేసినానన్నా, ఇది నాకు రాదు అని సుబ్బులమ్మ తల వంచుకోని సిగ్గుపడింది. కావల్లంటే వీడియో ఉండాది, ఆయమ్మ బాగా చేసింది అని జయరావు కెమెరా వెనకాల నుంచి సాక్ష్యం చెప్పినాడు. ఏడు నిమిషాల్లో ముగిస్తాది, నేనే చూసినాను, ఇంక ఆలస్యం చేస్తే నన్ననద్దు అని అయ్యవారు అనేసినాడు. ఎల్లప్ప ఇంక ఆఖరి అస్త్రం తీసి, మగపెండ్లివారు ఏమనుకుంటారు అన్నాడు. గిరిప్రసాద్ తల్లి శాలువాలోంచి చెయ్యి బయటికి తీసింది.

"మాకేం ఇబ్బంది లేదన్నా. కన్నతల్లి కంటే పెద్ద ముత్తైదువు ఎవురుండారు? రామ్మా, రా."

ఎల్లప్ప గొంతు సవరించుకోబోయి, దగ్గి, ఊరుకున్నాడు.

చంద్రకాంతమ్మ కొంగు సర్దుకోని స్తంభం వదిలింది. వచ్చి పీట మీద కూర్చున్నాది. ఐశ్వర్య అమ్మ మొగం చూసి నవ్వింది. ఈసారి టమోటా రేట్లు లేవు, నిజం మంత్రాలే. చెంబులో నీళ్ళు గోరువెచ్చగా ఉండినాయి. బిడ్డ చేతి మీదుగా అల్లుడి చేతిలోకి ధార పోసింది. దామోదరం పక్కన నిలబడి గడియారం చూసి, ఆరున్నర నిమిషాలే, ట్రయల్ కంటే అర నిమిషం మిగిలింది అన్నాడు.

భోజనాల బంతులు అయిపోయి, ఎండ పొడుచుకోని వచ్చినాక చంద్రకాంతమ్మ అన్నని మండపం వెనకాల పట్టుకున్నాది. మగపెండ్లివారు అంత తొందరగా ఎట్లా ఒప్పుకున్నారో ఆమెకి ఆపాటికి అర్థమైపోయింది.

"నిజం చెప్పునా. నగరికి మూడుసార్లు పోయింది మంచు చూసేదానికేనా?"

"మంచు కూడా చూసినాను."

"నాకు ముందే చెప్పింటే ఏం పోయింది?"

"చెప్పింటే నువ్వు బావకి భయపడి వద్దనేదానివి. నీ నోట్లోంచి వద్దు అనే మాట వచ్చినాక నేనేం చెయ్యగలను?"

చంద్రకాంతమ్మ కొంగుతో కండ్లు తుడుచుకున్నాది. ఆ నగరి వియ్యపురాలు నీ మాటకి ఎట్లా ఒప్పుకునిందినా అని అడిగింది.

దామోదరం మంకీ క్యాపు తీసి తల గోక్కున్నాడు. "మొదటిసారి పోతే కుదరదనింది. రెండోసారి పోతే ఆలోచిస్తామనింది. మూడోసారి నన్ను గేటు కాడ చూడంగానే లోపలినుంచే కేకేసింది. అన్నా, మేము ఒప్పుకున్నాం, నువ్వు నాలుగోసారి మటుకు రావద్దు అని."

ఏడవబోయిన చంద్రకాంతమ్మకి నవ్వొచ్చేసింది. ఆ నవ్వు ఆగక, పెండ్లికూతురి తల్లి ఇట్లా నవ్వకూడదని తెలిసి కూడా, అన్న భుజం పట్టుకోని మండపం అరుగు మీద కూర్చుండిపోయింది.