చౌడమ్మ ఇంటి వంతు

గుడియాత్తంలో ఆ నేతవీధికి పంతొమ్మిది ఇళ్ళు. వీధి చివర అమ్మవారి గుడి. ఏటా తమిళుల వైకాసి నెలలో అమ్మవారికి కొత్త చీర కట్టాలి. ఏడాదికి ఒక ఇంటివాళ్ళు నేస్తారు. ఒకసారి నేసిన ఇంటికి మళ్ళీ వంతు రావాలంటే పంతొమ్మిదేళ్ళు ఆగాలి. చీర ఇచ్చే పొద్దున పెద్దమనిషి గుడి మెట్టు మీద నిలబడి, నేసినవాళ్ళ పేరు వీధంతా వినబడేలా పిలుస్తాడు. వీధి 'చేరింది' అంటుంది. అప్పుడుగాని చీర లోపలికి పోదు.

ఈ ఏడు వంతు చౌడమ్మ ఇంటిది. చౌడమ్మకు మోకాళ్ళు పట్టేశాయి. మగడు పోయి రెండేళ్ళు. ఆ ఇంట్లో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేది ఆమె బిడ్డ విజి ఒక్కతే.

విజికి పుట్టినప్పుడు పెట్టిన పేరు మణికంఠన్. పదకొండో ఏట నేత నేర్చుకుంది. పోయిన వంతులో తండ్రి నడుము పట్టేస్తే, పంతొమ్మిదేళ్ళ వయసులో అమ్మవారి చీర ముప్పాతిక భాగం తనే నేసింది. మెట్టు మీద ఆ పాత పేరే పిలిచారు. వీధి చేరింది అంది.

మరుసటి ఏడు ఒక పొద్దున, తల్లి చీర ఒకటి కట్టుకుని విజి వాకిట్లోకి వచ్చింది. తండ్రి కొట్టలేదు. తిట్టలేదు. లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ఆయన ఉన్నంతకాలం తెరుచుకోలేదు.

విజి ఇల్లు వదిలింది. వేలూరులో పదహారేళ్ళు. మొదటి ఏళ్ళ గురించి ఆమె ఎవరికీ చెప్పదు. తర్వాత ఒక మెస్సులో గిన్నెలు తోమింది. ట్రాన్స్‌జెండర్ల చట్టం వచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు ఆసుపత్రి లాండ్రీలో పనికి అడిగింది. మిగతావాళ్ళు నీతో పని చెయ్యరమ్మా అన్నాడు సూపర్‌వైజరు. ఆమె తన గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఎదురుగా కూర్చుంది. సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడు పనిలోకి రమ్మన్నారు. చట్టం మీద ఆమెకు నమ్మకం చదివి వచ్చింది కాదు. ఆ కుర్చీలో వచ్చింది.

తండ్రి పోయినప్పుడు చౌడమ్మ ఫోన్ చేసింది. "మీ నాయన పోయినాడు. మగ్గం ఖాళీగా ఉండాది. రా." అంతే చెప్పింది. విజి వచ్చింది. లుంగీలు నేస్తూ తల్లిని చూసుకుంటోంది. ఆమె లుంగీ అంచును వేలెత్తి చూపినవాళ్ళు ఇంతవరకూ లేరు.

పండగకు అయిదు వారాల ముందు గుడి కమిటీ విజిని పిలిపించింది. పెద్దమనిషి రామానుజం. చౌడమ్మకు అన్న, విజికి మేనమామ. డెబ్బై దాటిన మనిషి. పక్కన కార్యదర్శి లోగనాథన్. రెండు పవర్‌లూములు పెట్టుకున్నాక చేతిమగ్గం వదిలేసినవాడు.

"ఈతూరి చీర మీ ఇంటి తరపున మన వీధి దొరై నేస్తాడమ్మా. నువ్వు నూలు ఇస్తే సాలు," అన్నాడు రామానుజం.

"ఏంటికి మామా? నా చేతులు ఏమైనాయి?"

"చేతులు కాదు. నియమం."

లోగనాథన్ అందుకున్నాడు. "మగ్గం మీద మొగోడు కూకుంటాడు. రాట్నం కాడ ఆడది. నువ్వు యాడ కూకుంటావో చెప్పు."

పదిమంది నవ్వారు.

"నీ పవర్‌లూము కాడ ఎవురు కూకుంటారు లోగనాథన్ అన్నా? మోటారు ఆడదా, మొగోడా?"

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. రామానుజం చెయ్యెత్తి ఆపాడు.

"నవ్వులు సాలు. ఇను విజీ. ఆసుపత్రిలోనో, రేషన్ కడైలోనో నిన్ను ఎవురన్నా నెట్టేస్తే నేనే ముందు నిలబడతా. ఆ చట్టం మంచిదే. కానీ ఇది గుడి. సర్కారు చేతికి పోకుండా మా నాయన కోర్టుల సుట్టూ తిరిగి కాపాడినాడు. మా నమ్మకం ప్రకారం మేం కొలుచుకునేది కూడా చట్టమే గదమ్మా. ఈ దినం చీర ఎవురు నేసేదీ సర్కారోళ్ళు చెప్తే, రేపు హారతి ఎవురు ఇచ్చేదీ వాళ్ళే చెప్తారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదని విజికి తెలుసు. అందుకే కోపం ఎక్కువైంది.

"మీ నమ్మకం మీకుండాది. సరి. నాకు లేదా? వేలూరులో ఎవురూ లేనప్పుడు నేను పిలిచింది ఎవుర్ని అనుకున్నావు మామా? నిన్నా?"

అయినా నియమం మారలేదు.

సోమవారం విజి వేలూరు వెళ్ళింది. కలెక్టరాఫీసులో ఆ రోజు అర్జీలు తీసుకుంటారు. తమిళంలో రాయించుకున్న కాగితం అక్కడి ఆఫీసరు రెండుసార్లు చదివాడు. మంచివాడే, కూర్చోమన్నాడు. పని ఇవ్వకపోతే, బడిలో చేర్చుకోకపోతే, ఇల్లు అద్దెకివ్వకపోతే చట్టం ఉందన్నాడు. అమ్మవారి చీర ఎవరు నేయాలన్నది మాత్రం మతం పని అంటారనీ, మతం పనిని ఎవరిది వాళ్ళు నడుపుకునే హక్కు కూడా రాజ్యాంగంలోనే ఉందనీ చెప్పాడు. రెండిట్లో ఏది పెద్దదో కోర్టే తేల్చాలి. ఏళ్ళు పడుతుంది.

ఆమె లెక్క వేసుకుంది. మళ్ళీ వంతు వచ్చేసరికి తనకు యాభై ఏడు. తల్లి ఉండదు. కాగితం వెనక్కి తీసుకుంది.

బస్టాండులో కోకిల టీ ఇప్పించింది. తిరువలం మనిషి. విజితో లాండ్రీలో పనిచేసింది, విజి లాంటిదే.

"కోర్టు ఎప్పుడన్నా తేల్చుకోనీ. నువ్వు నెయ్యి," అంది.

"నెయ్యకుండా ఆపేది ఎవురు? నా మగ్గం, నా నూలు. పడుగు కాడే వస్తుంది చిక్కు."

చిక్కు అదే. మగ్గం మీద ఒక్కరు కూర్చుంటే చాలు. పడుగు అలా కాదు. నిలువు దారాలన్నీ వీధి పొడుగునా చాపి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఇటు అయిదుగురు, అటు అయిదుగురు ఉండాలి. ఆ వీధిలో దానికి ఎవర్నీ పిలవరు. పడుగు వీధిలో కనబడితే ఇరుగుపొరుగు కుంచె పట్టుకుని వస్తారు. తాతల నాటి నుంచి అంతే.

విజి తన ఇంట్లో నేసుకుంటే కమిటీ ఆపలేకపోయింది. అందుకే వీధిలో ఎవరూ కుంచె పట్టొద్దంది. ఏ చట్టమూ ఒకరి చేతిలో కుంచె పెట్టలేదు.

శుక్రవారం తెల్లవారగానే విజి పడుగు చాపింది. ఎర్రనూలు, పసుపు అంచు. చౌడమ్మ గంజి కుండ దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. మొదటి బస్సుకు కోకిల, మరో ముగ్గురు దిగారు. పక్కసందు నుంచి ఆరోకియమేరి వచ్చింది. చెప్పుల ఫ్యాక్టరీలో కుట్టుపని ఆమెది. షిఫ్టుకు ఇంకా రెండు గంటలుంది.

"మా పాస్టరయ్య పోయిన ఆదివారం మీలాంటోళ్ళ గురించే గంటసేపు చెప్పినాడు," అంది కొంగు బిగిస్తూ.

"ఏమని?" అంది కోకిల.

"తెలీదు. నిద్ర పోయినా."

చౌడమ్మ పకపకా నవ్వింది. "మా అమ్మవారి చీరకు చెయ్యి పెడితే నీకు పాపం కాదా మేరీ?"

"అది నేనూ నా దేవుడూ మాట్లాడుకుంటాం అక్కా. మధ్యలో పాస్టరు ఏంటికి, మీ కమిటీ ఏంటికి?"

మనసు ఉంది గాని వాళ్ళకు పని రాదు. కుంచె గట్టిగా అదిమేవాళ్ళు, తేల్చేవాళ్ళు. గంజి ఒకచోట ముద్దకట్టింది, ఒకచోట అంటలేదు. ఎండ గుడి గోడ దిగి వీధిలోకి వచ్చింది. దారాలు ఒకదానికొకటి అంటుకోవడం మొదలైంది. విజి ఈ కొసకూ ఆ కొసకూ పరిగెత్తింది. విడదీసిన చోట విడదీస్తుంటే వెనకాల అంటుకుపోయేది. ఓరగా తెరిచిన తలుపుల వెనక నుంచి వీధి చూస్తోంది. ఇంకో అరగంటకు పడుగు పనికిరాదు. ఆ సంగతి తలుపుల వెనక అందరికీ తెలుసు.

లోగనాథన్ పాలప్యాకెట్లు పట్టుకుని వచ్చాడు. తల తిప్పకుండా పడుగు పక్క నుంచే నడిచాడు. నాలుగడుగులు దాటాడు. ఆగాడు.

"ఏమ్మా, నేల తుడస్తా ఉండావా అది? అట్లా రుద్దితే పోగు తెగదా?"

కోకిల నడుం మీద చెయ్యి పెట్టింది. "తిట్టేదానికి వచ్చినావా సామీ, నేర్పేదానికి వచ్చినావా?"

అతను ఇంకో క్షణం నిలబడ్డాడు. ఎర్రదారం ఎండలో బిగుసుకుంటోంది. పుట్టినప్పటి నుంచి అతను చెడిపోతున్న పడుగును చూస్తూ ఊరుకున్నది లేదు. పాలప్యాకెట్లు అరుగు మీద పడేసి కోకిల చేతిలోని కుంచె లాక్కున్నాడు.

"నీకోసం కాదు," అన్నాడు విజితో.

"నేను అడిగినానా?"

"పడుగు కోసం."

"సరి అన్నా. ఆ కొస నుంచి రా."

కమిటీ పొరబాటు అక్కడే జరిగింది. నేతవాళ్ళకు రావొద్దని చెప్పింది, కానీ తలుపులు తెరుచుకుని చూడొద్దని చెప్పలేదు. లోగనాథన్ చెయ్యి పడ్డాక పక్కింటి కృష్ణమ్మ కుంచె పట్టుకుని బయటికి వచ్చింది. తర్వాత ఎదురింటి అన్నదమ్ములు. ఎవరూ విజి ముఖం చూడలేదు. అందరూ దారమే చూశారు. ఎనిమిది కాకముందే పడుగు ఆరింది. వేలితో మీటితే మోగింది. ఆ సరికి పాలు విరిగాయి. లోగనాథన్ పెళ్ళాం తిట్లు వీధి చివరిదాకా వినబడ్డాయి.

విజి తొమ్మిది రోజులు నేసింది. ఒంటిపూట భోజనం, నేల మీద పడక. తండ్రి చెప్పిన నియమాలు ఒక్కటీ తప్పలేదు.

పండగ పొద్దున వీధంతా గుడి ముందు చేరింది. చీర రెండు చేతుల మీద పెట్టుకుని విజి మెట్టు కింద నిలబడింది. రామానుజం దిగి దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"చీర తీసుకుంటాం. నేను అందరికీ సర్దిచెప్పినా. పేరు మాత్రం మణికంఠన్ అని పిలుస్తా. పోయినతూరి పిలిచింది అదే గదా. నీకూ పోయేదేం లేదు, మాకూ నియమం నిలుస్తుంది. సరేనా నాయనా?"

తల ఊపితే చాలు. చీర లోపలికి పోతుంది. తల్లి కళ్ళారా చూస్తుంది. ఆ పేరు మీద విజికి పగ లేదు.

"ఆ పిల్లోడు నేసింది అమ్మోరు పంతొమ్మిదేళ్ళ కిందటే కట్టింది మామా. ఇది నేను నేసినా."

"అయితే నేను పిలవను."

"పిలవొద్దు."

ఆమె వీధి వైపు తిరిగింది. డప్పులు ఆగాయి.

"చౌడమ్మ ఇంటి చీర! నేసింది విజి!"

అరుగు మీద నుంచి చౌడమ్మ ఒక్కతే "చేరింది" అంది.

"సొంత ఇంటి మాట చెల్లదు," అన్నాడు రామానుజం. ఆ మాట అనడం ఆయనకు కష్టమైంది.

విజి మళ్ళీ పిలిచింది. అదే గొంతు, అదే మాట. చేతులు నొప్పి పుడుతున్నాయి. దించలేదు. ఎవరివైపూ బతిమాలినట్టు చూడలేదు. మూడోసారి పిలవడానికి ఊపిరి తీసుకుంది.

"ఆ పడుగులో నా చెయ్యి ఉండాది," అన్నాడు లోగనాథన్, ఎవరో తనను తిట్టినట్టు. "చీర పనికిరాదంటే నా చెయ్యీ పనికిరానిదే. అదెట్లా ఒప్పుకుంటా? చేరింది."

కృష్ణమ్మ చేరింది అంది. ఎదురింటి అన్నదమ్ములు అన్నారు. ఒక్కో గొంతు కలిసింది. కలవనివీ ఉన్నాయి. ఆరిళ్ళవాళ్ళు పెదవి కదపలేదు. ఒక కుటుంబం లేచి వెళ్ళిపోయింది.

రామానుజం వీధి వైపు చూశాడు. తర్వాత చీర వైపు. అంచు మీద ఆయన కన్ను చాలాసేపు నిలిచింది.

"నేను ఒప్పుకోలే విజీ."

"ఒప్పుకోవద్దు మామా," అంది ఆమె. "పట్టుకో."

ఆయన కదల్లేదు. ఆమె చీర ఇంకాస్త ముందుకు చాచింది. చివరికి ఆయన చీర అందుకోవడానికి రెండు చేతులూ చాపాడు.