సాధింపుల మధ్య వేసిన గాజులు

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే నా కూతురు రాస్తోంది.

కోవిల్‌పట్టిలో ఒక బడిలో నా కూతురు ఇంగ్లీషు టీచరు. అప్పుడు దానికి ఏడో నెల. గాజులు వేసే పండగకు ముందురోజు, పిల్లలకు చెప్పాల్సిన పాఠం నాకు చదివి వినిపించింది. మనిషిని పదేపదే సాధించడానికి ఇంగ్లీషువాళ్లకు ఎన్ని మాటలున్నాయో! వీపు మీదికెక్కి కూర్చోవడమట, కోడిపెట్టలా పొడవడమట, చెవి నమలడమట.

"ఇంతేనా? విరుదునగర్ నించి మీ అత్త వస్తా ఉంది. ఇంకో పది నేర్చుకో," అన్నాను.

ఆమె మా ఆయన అక్క. ఆయన పోయినప్పటి నించి, ఆరేళ్లుగా ఫోనులో ఒకటే సాధింపు: బొట్టెందుకు, పూల చీరెందుకు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఆ నవ్వులెందుకు. అన్నీ పడ్డాను. ఈ పండగ మాత్రం వదలదలచుకోలేదు. కడుపుతో ఉన్న పిల్లకు ముత్తైదువలే గాజులు వేయాలి; మొగుడు పోయినది కన్నతల్లయినా చాటున కూర్చోవాలి. అది మా వాళ్ల ఆచారం. నాకున్నది ఒక్క కూతురు.

వదినె బస్సు దిగి వస్తూనే మొదలుపెట్టింది. "ఏమే, నువ్వు లోపలే ఉండు. పిల్లకి ఎదురు రావొద్దు, తెలిసిందా?"

"వంట చేసింది ఈ చెయ్యే గదా వదినా. అది మాత్రం తింటావా?"

"వాయి చూడు దీనికి, ఎంత నోరో!"

వంటింటి గడపలో నిలబడ్డాను. నన్ను తిడుతూనే వదినె పిల్లకు గాజు ఎక్కిస్తోంది. పిల్ల నిండు మనిషి, చేతులు వాచి ఉన్నాయి. టక్కున గాజు విరిగింది. ఆ పూట గాజు విరగడమంటే అపశకునం. ఇంటినిండా ఉన్న ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు.

"దీని కన్ను పడింది," అంది వదినె.

గడప దాటాను. "చూసింది నేను. విరగ్గొట్టింది ముత్తైదు చెయ్యి. జరుగు."

ఇరవై ఏళ్లు అగ్గిపుల్లలు పేర్చిన వేళ్లివి. కూతురి చేతికి నూనె రాసి, బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపులు దగ్గరికి నొక్కి పచ్చగాజు జార్చాను. ఇంకొకటి. ఇంకొకటి.

"సిగ్గు లేదటే నీకు? నా తమ్ముడు ఉండుంటే..."

"ఉండుంటే ఈ గాజులు నేనే వేసుందును, నువ్వే పక్కన కూచోని పాడుందువు. తిట్టు వదినా, తిట్టు. నా చెయ్యి కాలీ లేదు."

కూతురు రెండో చెయ్యి చాపింది. వదినె తిట్టడం ఆపలేదు. నేను వేయడం ఆపలేదు.