నడుముకున్న తాళంచెవి

రాజ్యం సిస్టరుకు నిలబడి నిద్రపోవడం వచ్చు. గొప్పగా చెప్పుకునే విద్యేం కాదు, గుంటూరులో ఆమె పనిచేసిన మగవాళ్ల వార్డు నేర్పింది. నలభై మంచాలు, డెబ్భై మంది రోగులు, ఒక్కతే నర్సు. ఇంజెక్షన్లు చేయడమే పనైతే ఎలాగో నెట్టుకొచ్చేది. సూదులు సానరాయి మీద నూరాలి, సిరంజిలు ఉడకబెట్టాలి, కట్టుగుడ్డలు చుట్టాలి, మాసిన దుప్పట్లు చాకలికి వేయాలి. వార్డులో ఒక స్టూలుండేది. కూర్చున్న నర్సు పనిదొంగలా కనబడుతుందని మేట్రన్ గారు దాన్ని కూడా తీయించేసింది.

మందుల బీరువా తాళంచెవి డ్యూటీ నర్సు నడుముకే ఉండాలి. దిగేటప్పుడు తర్వాతి నర్సు చేతిలో పెట్టి వెళ్లాలి. అది అక్కడి కట్టుబాటు.

అరవై నాలుగులో, పత్తికి పురుగుమందు కొట్టే రోజుల్లో, పెదకాకాని నుంచి సైదాను తెల్లారకముందే బండిలో వేసుకొచ్చారు. కూలికి మందు కొట్టి, ఆ చేతులతోనే అన్నం తిన్నాడట. నోట్లో నురగ, కంటిపాప ఆవగింజంత. నోరెండి కంటిపాపలు విప్పారేదాకా పావుగంటకో ఇంజెక్షన్ పడాల్సిందేనన్నాడు డాక్టరు. మిగతా వార్డుల్లో ఉన్న ఆ విరుగుడు మందంతా తెప్పించి రాజ్యం బీరువాలో పెట్టించాడు.

రాజ్యం డ్యూటీ ఎక్కింది ముందురోజు పొద్దున. రాత్రికి రావలసిన నర్సు జ్వరంతో మంచమెక్కితే దిగనే లేదు. అయినా పావుగంట తప్పలేదు. మధ్యాహ్నానికి సైదా కళ్లు తెరిచి పెళ్లాం లాల్‌బీని గుర్తుపట్టాడు. ఈ మనిషి దక్కాడని రాజ్యానికి ప్రాణం లేచొచ్చింది.

అప్పుడొచ్చింది వెంకటేశ్వరమ్మ సిస్టరు. ఆమెకు సైదా సంగతంతా అప్పజెబుతూ ఉండగా మూడో మంచం ముసలాయన కింద పడ్డాడు. ఇద్దరూ పరుగెత్తి లేపారు. ఆ తర్వాత రాజ్యం తిన్నగా క్వార్టర్సుకు వెళ్లిపోయింది. పక్కనే పత్తి జిన్నింగ్ మిల్లు, ఒకటే మోత. పగలు పడుకోవాలంటే చెవుల్లో దూది పెట్టుకోవడం ఆమెకు అలవాటు. గడియ వేసి, బెల్టు కూడా విప్పకుండా పడిపోయింది. నడుములో ఏదో గుచ్చుకుంటే పక్కకు జరుపుకుంది. అదేమిటో ఆమెకు తట్టనే లేదు.

ట్రేలో మిగిలిన మందు అరగంటకే సరిపోయింది, మిగతాదంతా తాళం వేసిన బీరువాలో ఉంది. ఆయా అంకమ్మ వచ్చి తలుపు బాదీ బాదీ, చివరికి కిటికీలోంచి చెంబుడు నీళ్లు చల్లితేగాని రాజ్యం లేవలేదు. చెప్పుల్లేకుండా పరుగెత్తింది. అప్పటికే వార్డుబాయ్ జోసఫ్ తాళం పగలగొట్టాడు. సైదా ప్రాణం మాత్రం అందాకా ఆగలేదు.

విచారణలో తాళంచెవి ఎందుకివ్వలేదని అడిగారు. ఎన్ని గంటలు నిలబడ్డావని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. ఇరవై ఎనిమిది. అజాగ్రత్త అని రాసి సంతకం పెట్టించుకుని, మనిషి లేదని ఆ రాత్రే మళ్లీ డ్యూటీ వేశారు.

లాల్‌బీ వెళ్లేముందు ఆమె చెయ్యి పట్టుకుంది. నిందించడానికి కాదు.

"మీరు ఇంటికి పోకుండా ఉంటే బతికేవాడమ్మా. పొద్దున్నుంచీ నిలబెట్టింది మీరేగా."

రాజ్యం ఆ మాట నమ్మింది, అదే ఆమె ఖర్మ. ఆ తర్వాత పదిహేడేళ్లు ఒక్కనాడూ వేళకు డ్యూటీ దిగలేదు. గేటు దాకా వెళ్లి, నడుము తడుముకుని, మళ్లీ వెనక్కి వచ్చేది. చెవుల్లో దూది పెట్టడం మానేసింది. రాత్రి డ్యూటీలప్పుడు పగలల్లా మిల్లు మోత వింటూ, ఎవరైనా తలుపు కొడతారేమోనని మేలుకునే ఉండేది. పొద్దు గూకాక ఆ నిద్రకళ్లతోనే డెబ్భై మందికి ఇంజెక్షన్లు చేయడానికి వెళ్లేది.