జానెడున్నర పీట

ఆ రోజు మా తోడికోడలు మిరప కల్లానికి ఆలస్యంగా వచ్చింది. వచ్చి కూడా పీట వేసుకోకుండా నిలబడింది.

"అక్కా, మేస్త్రి గారు పోయారంట. తెల్లారుజామున నిద్దట్లోనే."

నా చేతిలో ఒక కాయ ఉంది. దాని తొడిమ తీసి పక్కన పడేశాక గానీ ఆ మాట నాకు తలకెక్కలేదు. మా వరసలోని ఆడవాళ్ళం ఏడుగురం ఒకేసారి లేచాం.

మీలో ఎవరూ ఆయన్ని ఎరగరు. మా ఊరి వడ్రంగి మేస్త్రి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. నాకు చుట్టం కాదు, మా చర్చికి వచ్చే మనిషీ కాదు. కానీ ఈ రెండేళ్ళుగా నేను కూలికి పోగలుగుతున్నానంటే ఆయన చలవే.

మా పని కూర్చుని చేసేది. పొద్దున్నుంచి చీకటి పడేదాకా నేల మీద గోతం పరుచుకుని తొడిమలు తీయాలి, రంగు పోయిన తాలు కాయలు ఏరాలి. రెండేళ్ళ కిందట నా తుంటి పట్టేసింది. గుంటూరు డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు. వంట చేసేవాణ్ణి పొయ్యి దగ్గరికి పోవద్దన్నట్టుంది ఆ మాట. ఆ ఏడాదితో నా పని అయిపోయిందనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు గానీ చాలా భయపడ్డాను.

అప్పుడే మా చర్చిలోకి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. పాత వేప బల్లల్ని వెనకాల పేర్చారు. ఎండకు పాడయ్యేకన్నా వాటితో మీరే పీటలు చేసుకోండి, నేర్పేవాళ్ళని నేను చూస్తానని పాస్టరమ్మ అంది. ఆమె పిలిచింది మేస్త్రి గారిని. ఆ బల్లలన్నీ ఆయన తన పెళ్ళి కాకముందు చేసినవేనని మాకు తర్వాత తెలిసింది. తెలిశాక ఎవరికీ రంపం పట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ఆయనే మొదటి బల్లని బోర్లా తిప్పి, కాలి బొటనవేలితో తొక్కిపట్టి గీత గీశారు. "దీని మీద కూర్చున్నోళ్ళకి కుర్చీలొచ్చినయ్. మీకు రాలా. కొయ్యండి," అన్నారు.

మొదటి రోజే ఆయన్ని ఏడిపించాం. కల్లం నుంచి తిన్నగా చర్చికి పోయి, చేతులు కడుక్కోకుండా చెక్క నున్నగా చేసే చిత్రిక పట్టుకున్నాం. దాని పిడికి మా చేతుల కారమంతా అంటింది. ఆయన అదే పట్టుకుని, చెమట తుడుచుకోబోయి కళ్ళు నలుపుకున్నారు. "ఓరి మీ మిరపకాయలు పాడుగాను!" అని ఆ ముసలాయన ఎగురుతుంటే మేం కొంగులు నోట్లో కుక్కుకున్నాం. మర్నాటి నుంచి గుమ్మం దగ్గర బకెట్టు, సబ్బు. ఆ సబ్బు ఆయన ఇంటి నుంచే తెచ్చేవారు.

కొలతకి టేపు వాడనిచ్చేవారు కాదు. ఒక్కొక్కరినీ ఇటుకల మీద కూర్చోబెట్టి, ఇటుక మీద ఇటుక, పైన చెక్క ముక్కలు పేర్చుకుంటూ పోయేవారు. "ఇప్పుడెట్టా ఉందమ్మా? ఇప్పుడో?" హాయిగా ఉందన్నప్పుడు ఆపి, ఆ ఎత్తుకి ఒక కంది పుల్ల విరిచి చేతిలో పెట్టేవారు. "నీ ఎత్తు నీ మోకాలు చెప్పాల. టేపుకేం తెలుసుద్ది?" అందరి పుల్లలూ జానెడుకి అటూ ఇటూ వచ్చాయి. నా తుంటికి మాత్రం జానెడున్నర కావాల్సి వచ్చింది.

పని మెల్లగా నేర్పారు. మేకు ముట్టుకోనివ్వలేదు. ఉలితో బెజ్జం తొలిచి, కాలు దూర్చి, పైన కొయ్య చీల కొట్టడమే. మేం రంపాన్ని బలం కొద్దీ తోస్తుంటే, "తోయమాకమ్మా, దాన్ని నడవనియ్యి," అనేవారు. ఎవరు ఏం చేసి చూపించినా ముందు బోర్లా తిప్పి అడుగు చూసేవారు. పైన నున్నగా చేయడం అందరికీ వచ్చుద్దంట.

నా పీట అయ్యాక వరసలో పెట్టి చూశాను. అందరి మధ్యా అదొక్కటే గద్దెలా లేచి ఉంది. మా వరసలో నాకన్నా పెద్దవాళ్ళున్నారు, మా అత్తగారి వయసువాళ్ళు. వాళ్ళ తలల మీదుగా నేను ఎత్తున కూర్చుంటే ఏమనుకుంటారు? మమ్మల్ని పనికి కుదిర్చే ముఠా పెద్ద ఊరుకుంటాడా? కల్లం లేని ఒక రోజు, మేస్త్రి గారు మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు నాలుగు కాళ్ళూ జానెడుకి కోసేశాను. నా సిగ్గు కొద్దీ చేసిన పని అది. కోత మాత్రం చక్కగా వచ్చింది, ఆయన నేర్పినట్టే!

ఆయన వచ్చి పీట చూశారు, కింద పడ్డ ముక్కలు చూశారు. తిడతారనుకున్నాను. ఒక ముక్క చేతిలోకి తీసుకుని అడిగారు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారా?"

"లేదండి. అంటారేమోనని."

"అనేవాళ్ళు వచ్చి నీ నొప్పి పడతారా అమ్మాయ్?"

నాకు ఏడుపొచ్చింది. మా వంతుకిచ్చిన బల్లల్లో కాళ్ళకి సరిపడా చెక్క అప్పటికి మిగల్లేదు. ఆయన గోడ వారగా తన గోతం కింద దాచిన పలక ఒకటి తీసి నా ముందు పెట్టారు. ముదురు వేప, పురుగు తగలనిది. "దీంట్లో తియ్యి. ఈసారి పుల్ల చూసి కొయ్యి, పక్కనోళ్ళని చూసి కాదు," అన్నారు.

ఆ వారమే జానెడున్నర పీట కల్లానికి తీసుకెళ్ళాను. "ఏందమ్మా, సింహాసనం తెచ్చుకున్నావే!" అని ముఠా పెద్ద నవ్వాడు. నేనూ నవ్వి కూర్చున్నాను. పొద్దు గుంకాక ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచాను. మూడో రోజుకి ఆ ఎత్తు ఎవరి కంటికీ ఆనలేదు. రెండు సీజన్లు గడిచాయి, నేను ఒక్క రోజు కూడా మానలేదు.

ఆయన్ని చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు వాకిట్లో షామియానా, అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు. మేస్త్రి గారి భార్య మాత్రం లోపల గోడకానుకుని నేల మీద ఉంది. ఆమెను లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. ఆ ఇంట్లో ఒక్క పీట కనపడలేదు నాకు. ఊరందరికీ చేసిన మనిషి ఇల్లు అది.

మొన్న ఆదివారం మళ్ళీ వెళ్ళాను. ఉత్త చేతులతో ఏం పోతానని నా పీట ఆమె కోసం తీసుకెళ్ళాను. ఆమె కూర్చుంది. పొట్టి మనిషి, మడమలు నేలకి ఆనలేదు. చిన్నపిల్లలా కాళ్ళు ఊపి నవ్వింది.

"ఇది నా ఎత్తు కాదమ్మాయ్." పీట కాలు తడిమి చూసి, "ఈ చెక్క నాకు తెలుసు. నాకు పీట చేస్తానని తెచ్చి దాచాడు. ఒకరోజు సాయంత్రం వచ్చి, 'నీ పీట చెక్క ఒకమ్మాయికి ఇచ్చేశానే, ఆ పిల్లకి నీకన్నా అవసరం' అన్నాడు. నువ్వేనా?" అంది.

నేనేనన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "బాగా నిలబడిందిలే," అంది.

పెరట్లోకి వెళ్ళి ఇటుకలు తెచ్చాను. ఒక్కొక్కటీ పేర్చి ఆమెను కూర్చోబెట్టాను. ఇప్పుడెట్టా ఉందండీ? ఇప్పుడో? అని అడుగుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. రెండో ఇటుక మీద పలచటి చెక్క పెట్టాక ఆమె కళ్ళు మూసుకుని, "ఆఁ, ఇదీ," అంది.

దొడ్డి కంపలోంచి కంది పుల్ల తీసి ఆ ఎత్తుకి విరిచాను. జానెడుకి రెండు వేళ్ళు తక్కువ. ఆయన లేకుండా తీసిన మొదటి కొలత. చర్చి వెనక ఇంకొక బల్ల మిగిలే ఉంది. రేపు సాయంత్రం ఏడుగురం అక్కడ చేరుతున్నాం, బకెట్టూ సబ్బూ నేను తెస్తానన్నాను. ప్రస్తుతానికి ఆ పుల్ల మా కిటికీలో, నా జానెడున్నర పుల్ల పక్కన నిలబడి ఉంది.