మనింటి పనిదేముందే

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరు పెట్టి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ఎత్తుల మేస్త్రీ అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. కొత్త ఇళ్లు కట్టడం కాదు ఆయన పని, ఉన్న ఇళ్లలో నేలని పైకి లేపడం. పాత గచ్చు పగలగొట్టి, ఇసుకా రాళ్లూ పోసి, దిమ్మిస కొట్టి, పైన మళ్లీ గచ్చు చేస్తాడు. ద్వారబంధం ఊడబీకి పైకెక్కిస్తాడు. ఆ తర్వాత ఇంటివాళ్లు మెట్లెక్కి లోపలికొస్తారు, వచ్చాక తల వంచుకుని తిరుగుతారు. కిటికీలు మోకాళ్ల దగ్గరికొచ్చేస్తాయి. ఫ్యాను నెత్తికి తగులుతుందని విప్పేసి మూలన పడేస్తారు. ఇంత సంబడానికి జనం ఆయన చుట్టూ కాళ్లరిగేలా తిరిగేవారు.

ఎందుకంటారా? నీళ్ల కోసం. అంటే నీళ్లు రాకుండా. ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న ఊరది. మేస్త్రీ చిన్నప్పుడు సముద్రం చూడాలంటే బస్సెక్కి పోవాల్సొచ్చేది. ఇప్పుడా శ్రమ లేదు, సముద్రమే ఇంటికొస్తోంది. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు వచ్చినప్పుడు ఏటి నీళ్లు ఎదురెక్కి, మురుగుకాలవల్లోంచి పైకి పొంగుతాయి. మొదట్లో చెప్పులు తడిసేవి. తర్వాత మంచం కోళ్లు తడిశాయి. రేడియోలో ఎవరో పెద్దమనిషి చెప్పాడు, పైన ఆనకట్టలు ఒండ్రుమట్టిని ఆపేస్తున్నాయి, కింద నేల కుంగుతోంది, అటు సముద్రమేమో లేస్తోంది అని. వీధి మొదట్లో మందుల షాపాయన అది విని, "సముద్రం లేస్తే మనమూ లేద్దాం, పోయేదేముంది!" అని నవ్వాడు. నవ్వి, మేస్త్రీకి కబురు పెట్టాడు.

అక్కడ మొదలైంది తంతు. మందుల షాపు మోకాలెత్తు లేచింది. మళ్లీ పోటొచ్చినప్పుడు షాపులోకి రావాల్సిన నీళ్లు పక్కింట్లోకి పోయాయి. పక్కింటి టీచరమ్మ లబోదిబోమంటూ మేస్త్రీ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ ఇల్లు లేచింది. నీళ్లు ఆ పక్కింటికి పోయాయి. వాళ్లూ వచ్చారు. "సముద్రం నాకు సొంత మేనమామ. అడక్కుండానే పని చూపిస్తున్నాడు" అని మేస్త్రీ వేళాకోళమాడితే అందరూ పడీపడీ నవ్వేవారు. నవ్వొచ్చే మాటే మరి, నేల పొడిగా ఉన్నవాళ్లకి!

వీధి చివర, అన్నిటికన్నా పల్లంలో, ఆయన చెల్లెలి ఇల్లు. అది ఆయన తన చేత్తో కట్టిన మొదటి ఇల్లు. అప్పటికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. చెల్లెలు కాపురం పెడుతోందని ఒక్కో ఇటుకా తడిపి, నిమిరి నిమిరి పేర్చాడు. ఇటుక కలిసొస్తుందని కప్పు కాస్త కిందకి దించేశాడు, ఆ తెలివికి తన భుజం తనే తట్టుకున్నాడు కూడా. బావ టైలరు, పొడగరి. గృహప్రవేశం రోజే గుమ్మానికి నుదురు కొట్టుకుని, "నీ చెల్లెలికైతే కట్టావు గానీ నాకు కట్టలేదయ్యా బావా" అన్నాడు. మెతక మనిషి. ఆయన నోట అంతకన్నా పెద్ద ఫిర్యాదు ఎవరూ వినలేదు.

వీధిలో ఇల్లు లేచినప్పుడల్లా చెల్లెలు అడిగేది, "అన్నయ్యా, మాదెప్పుడు?"

"మనింటి పనిదేముందే! ఎప్పుడైనా చేసుకోవచ్చు. బయటివాళ్లది ఆగదు."

నిజమే పాపం, బయటివాళ్ల చేత మాట పడితే అన్నయ్యకే కదా నామోషీ అని ఆమె సర్దుకునేది. బావ కుట్టుమిషను కింద ఇటుకలు పెట్టాడు, తను కూర్చునే స్టూలు కింద ఇటుకలు పెట్టాడు. "నేల లేవకపోతేనేం, నేను లేస్తూనే ఉన్నాగా" అనేవాడు. ఏళ్లు ఇలాగే గడిచిపోయాయి. నీళ్లు ఎటు పోతున్నాయో మేస్త్రీకి తెలీదా అంటే, శుభ్రంగా తెలుసు. పల్లమెటో తెలియకుండా ఏ మేస్త్రీ బతుకుతాడు? కానీ చెల్లెలు కసురుకోదు, కోప్పడదు, ఇంకొకణ్ణి పిలవదు. అలాంటి మనిషిని వెనక్కి నెట్టడం ఎంత సుఖం!

ఇది చాలదన్నట్టు ఇంకో ఘనకార్యం చేశాడు. చెల్లెలి ఇంటి వెనక పెద్ద గుంట ఉండేది. పోటుకొచ్చిన నీళ్లన్నీ అందులో చేరి, ఆటుకి ఏట్లోకి జారిపోయేవి. పగలగొట్టిన గచ్చులూ, ఉప్పు తిని రాలిన పెచ్చులూ, పాత మెట్లూ ఊరి బయటికి తోలించడం దండగని మేస్త్రీ తీసుకెళ్లి ఆ గుంటలో పోయించాడు. గుంట పూడింది. పైన చదును చేస్తే స్కూటర్లు పెట్టుకోవడానికి చోటు దొరికింది. ఎంత మంచి పని చేశావు మేస్త్రీ అని వీధంతా నెత్తిన పెట్టుకుంది. చెల్లెలైతే పనివాళ్లందరికీ టీలు కూడా పెట్టి ఇచ్చింది.

ఆ ఏడు వానాకాలంలో వచ్చిన పోటుకి నీళ్లు చెల్లెలి ఇంట్లోకి నడుములోతు వచ్చాయి. ఆటు వచ్చినా తిరిగి పోలేదు. పోవడానికి దారేదీ? బావ బడిపిల్లల యూనిఫారాలన్నీ కుట్టి, కట్టలు కట్టి పెట్టుకున్నాడు. అవన్నీ నానిపోయి, ఎండేసరికి తెల్లటి ఉప్పు చారలు కట్టాయి. బడివాళ్లు చూసి మొహం తిప్పుకుని పోయారు. మిషను తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బావ దాని చక్రం మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు.

అప్పుడొచ్చాడు మేస్త్రీ, బండెడు ఇసుక వేసుకుని. ఇప్పుడు కూడా నేల లేవకపోతే వాళ్లు ఆ ఇల్లు వదిలి పోవాల్సిందే. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. చెల్లెలు ఆశగా చూస్తోంది. మేస్త్రీ టేపు లాగి కొలిచాడు. ఈలోగా వీధి కూడా లేచింది కదా, రోడ్డు మీద రోడ్డు వేసి. దాన్ని మించాలంటే ఎంత పొయ్యాలో అంత ఎత్తున ఇటుకలు పేర్చి, "బావా, ఒకసారి ఎక్కి చూడు" అన్నాడు. బావ ఎక్కాడు. వంగాడు. ఇంకా వంగాడు. చివరికి ఇటుకల మీద చతికిలపడ్డాడు.

"మిషను ముందు కూర్చునేవాణ్ణే కదా. నేను నిలబడాల్సిన పనేముంది లే బావా" అన్నాడు.

మేస్త్రీ టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"పోనీ కప్పు లేపవా అన్నయ్యా?" అంది చెల్లెలు.

మేస్త్రీ గోడ మీద గోరుతో గీకాడు. ఇటుక పిండిలా రాలింది. "ఉప్పు తినేసిందే. కప్పు విప్పితే గోడలు నిలవవు."

"ముందే చేసి ఉంటే?"

ఆయన గోడ మీద ఇంకోచోట గీకి చూశాడు. ఆమె వదల్లేదు. ఆయన్ని నిలదీయడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

"చెప్పు. నేను మొదటిసారి అడిగినప్పుడే చేసి ఉంటే?"

"గోడలు గట్టిగా ఉండేవి. కప్పు లేపి కట్టేవాణ్ణి."

"వెనక గుంట పూడిస్తే నీళ్లు మా ఇంట్లోనే ఉండిపోతాయని తెలుసా నీకు?"

తెలీదని ఒక్క మాట అంటే చాలు, ఆమె నమ్మేది. చిన్నప్పట్నుంచీ నమ్ముతూనే ఉంది కదా. కానీ ఆయన గోరులోని ఇటుక పిండి దులుపుకుంటూ ఉండిపోయాడు. ఆమె ఇంకేమీ అడగకుండా లోపలికెళ్లి గిన్నెలు మూటకట్టుకుంది.

మర్నాడు సామాను ఎక్కించడానికి ట్రాలీ ఆటో వచ్చింది. ఎక్కడో ఎగువన, ఆడబిడ్డ ఊళ్లో ఒక గది చూసుకున్నారు. మేస్త్రీ గబగబా వచ్చి మిషనుకి చెయ్యి వేయబోయాడు.

"మీకెందుకు శ్రమ మేస్త్రీ గారూ, వదిలెయ్యండి" అంది చెల్లెలు.

ఆయన తెల్లబోయాడు. బావ తల దించుకున్నాడు.

"అదేమిటే ఆ పిలుపు! నేను నీ అన్నయ్యనే!"

"అన్నయ్య సంగతిదేముందండీ, ఎప్పుడైనా చూసుకోవచ్చు" అంది ఆమె, మూట సర్దుకుంటూ. "బయటివాళ్లది ఆగదు. మీరు పనిలోకి వెళ్లండి."

ఆటో కదిలింది. బావ ఒక్కడే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. మేస్త్రీ ఆ ఇసుక కుప్ప మీద కూలబడి, వీధిలో అందరూ చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. జనం కాసేపు అయ్యో అన్నారు, ఎవరి మెట్లు వాళ్లు ఎక్కేశారు. చెల్లెలి పక్కింటి టీకొట్టాయన మాత్రం ఆగాడు. ఏడుపు తగ్గేదాకా ఓపిగ్గా నిలబడి, మెల్లిగా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో మేస్త్రీ. అది సరే గానీ, అప్పుడెప్పుడో ఎత్తింది ఇప్పుడు చాలట్లేదు. ఎలాగూ ఇసుక ఉంది కదా, మాది ఎప్పుడు మొదలుపెడతావు?"

మేస్త్రీ మొహం తుడుచుకున్నాడు. ఆ ఇసుక తట్టలకెత్తించి టీకొట్టాయన ఇంట్లో పోయించాడు. పగలగొట్టిన గచ్చు ఎక్కడ పారబొయ్యమంటావని కూలీ అడిగితే, వెళ్లి చెల్లెలి ఇంటి తలుపు తోసి పట్టుకున్నాడు.